ఇల్లు చూడకముందే సంతకం ఎందుకు?

అమెరికాలో ఇప్పుడు ఏజెంట్ ఇల్లు చూపించాలంటే ముందు మీరు ఒప్పందం మీద సంతకం పెట్టాలి. 2024 ఆగస్టు 17 నుంచి ఇదీ పద్ధతి. ఇది ఏజెంట్ల కొత్త ఎత్తు అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. నిజానికి దీని వెనక నలభై ఏళ్ల పంచాయితీ ఉంది.

1990ల ముందు కొనేవాళ్ల తరఫున ఏజెంట్ ఉండటం అరుదు. ఉమ్మడి లిస్టింగుల వ్యవస్థ ఎంఎల్‌ఎస్‌లో ఇల్లు పెడితే, దాన్ని చూపించే ఏజెంట్లంతా అమ్మేవాళ్లకు సబ్‌ఏజెంట్లే, అంటే వాళ్ల తరఫున పనిచేసేవాళ్లే. శనాదివారాలు మిమ్మల్ని కారులో తిప్పిన మనిషితో ‘ఇంకో పదివేలు పెంచగలం’ అని నోరు జారితే, ఆ మాట అవతలివాళ్లకు చేరవేయడం ఆ మనిషి బాధ్యత! కొనేవాళ్లలో ఎక్కువమందికి ఈ సంగతే తెలియదని 1983లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది నివేదిక తేల్చింది. ఆ తర్వాతే సబ్‌ఏజెన్సీ తప్పనిసరి కాకుండా పోయింది, కొనేవాళ్ల తరఫున పనిచేసే బయ్యర్ ఏజెంట్లు వచ్చారు.

ఏజెంట్ల కమిషన్ మాత్రం అమ్మేవాళ్ల చేతిలోనే ఉండిపోయింది. బయ్యర్ ఏజెంట్‌కి ఎంతిస్తారో లిస్టింగ్‌తోపాటే ఎంఎల్‌ఎస్‌లో చెప్పాల్సి వచ్చేది. తక్కువ రాస్తే ఏజెంట్లు ఆ గుమ్మం తొక్కరేమోనని భయం. దీనిమీదే అమ్మకందార్లు రియల్టర్ల (ఏజెంట్ల) జాతీయ సంఘం మీద కోర్టుకెక్కారు. 2023 అక్టోబరు 31న కాన్సస్ సిటీ జ్యూరీ దాదాపు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారం వేసింది. 2024 మార్చిలో రియల్టర్ల జాతీయ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీకొచ్చింది. ఎంఎల్‌ఎస్‌లో ఆ అంకె కనపడకూడదన్నదీ, చూపించేముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నదీ ఆ రాజీ షరతులే.

ఒప్పందంలో ముందు చూడాల్సింది ఫీజు. శాతమో, డాలర్లో కచ్చితంగా ఉండాలి. ‘అమ్మేవాళ్లు ఎంతిస్తే అంత’ అంటే చెల్లదు. రాసినదానికి మించి ఏజెంట్ ఎవరి దగ్గరా తీసుకోకూడదు. 5 లక్షల డాలర్ల ఇంటికి 2.5 శాతమంటే 12,500. అమ్మేవాళ్లు 2 శాతానికే ఒప్పుకుంటే మిగతా 2,500 క్లోజింగ్ రోజున, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజున, మీరే కట్టాలి, దాన్ని లోన్‌లో కలపడం మామూలుగా కుదరదు. అందుకే వాళ్లెంత భరించాలో ఆఫర్‌లోనే రాయించండి. గడువు, ప్రాంతం కూడా చదవండి. ఆరు నెలలు, కౌంటీ (జిల్లా లాంటిది) మొత్తం అని ఉంటే, మధ్యలో ఇంకొకరి ద్వారా కొన్నా మొదటి ఏజెంట్ ఫీజు అడగొచ్చు. మీకు పరిచయం లేని ఏజెంటైతే ఒకట్రెండు ఇళ్లకే పరిమితం చేసి రాయించుకోవడం మేలు. ఎవరైనా వచ్చి చూడొచ్చని తెరిచి ఉంచే ఓపెన్ హౌస్‌కి మీ అంతట మీరు వెళ్తే సంతకం అక్కర్లేదు.

టెక్సాస్‌లోని ఫ్రిస్కో లాంటిచోట కొత్త ఇళ్లు కొనే మనవాళ్లకు చిక్కు ఇంకోలా వస్తుంది. బిల్డర్ నమూనాగా చూపించే మోడల్ హోమ్‌లో ఎంత మర్యాదగా మాట్లాడినా సేల్స్ మనిషి బిల్డర్ మనిషే. మొదటిసారి వెళ్లినప్పుడే మీ ఏజెంట్ పేరు నమోదు కాకపోతే చాలామంది బిల్డర్లు తర్వాత ఆ ఏజెంట్‌కి కమిషన్ ఇవ్వరు. వాట్సాప్ గ్రూపుల్లో ఏజెంట్లు ఊరించే క్యాష్‌బ్యాక్ (రిబేటు) కూడా ఆ కమిషన్లోంచే రావాలి. టెక్సాస్‌లో అది చట్టబద్ధమే, కొన్ని రాష్ట్రాల్లో నిషేధం. ఇస్తామన్న అంకె ఒప్పందంలో రాయించుకోండి, లోన్ ఇచ్చే లెండర్‌కీ ముందే చెప్పండి. లోన్ ఖర్చుల తుది లెక్క చూపే క్లోజింగ్ డిస్‌క్లోజర్‌లో చూపని రిబేటు ఆఖరి వారంలో బయటపడితే లోన్ కాగితాలు మళ్లీ మొదటికొస్తాయి.