దింపుడు కళ్లం దగ్గర పుట్టిన కథలు

మైదుకూరు దగ్గర మా పల్లెలో జేజినాయన పోయినప్పుడు నాకు పదేళ్లు. సగం దారిలో పాడె దించారు. డప్పులు ఆగాయి. మా నాయన వంగి, ఆయన చెవి దగ్గర "నాయనా... నాయనా... నాయనా..." అని మూడుసార్లు పిలిచాడు. ఆయన పలకాలని ఎంత కోరుకున్నానో, పలికితే ఎట్లా అని అంత వణికిపోయాను. చచ్చినవాళ్లు లేచొచ్చే కథ ఏ దేశానిది చదివినా నాకు ఆ దింపుడు కళ్లమే గుర్తొస్తుంది.

మన ఆచారంలో చావు ఊపిరి ఆగడంతో అయిపోదు. పోయినవాడు ముందు ప్రేతం. పది రోజుల పిండాలతో అతనికి కొత్త ఒళ్లు కూడుతుందని, పన్నెండో రోజు సపిండీకరణంతో పితరుల్లో కలుస్తాడని నమ్మకం. ఆ నడిమధ్యలో చిక్కుకుపోయినవాళ్లే దయ్యాలు: పురిట్లో పోయినామె, బావిలో పడినవాడు, కర్మ చేసే దిక్కులేనివాడు. బేతాళుడి సంగతి వేరు. అతను చచ్చిన మనిషి కాదు, ఇంకొకరి శవంలో దూరే భూతం.

మెసపొటేమియా వాళ్లదీ ఇదే లెక్క. పోయినవాళ్లకు వేళకు తిండి, నీళ్లు పెట్టే తంతును 'కిస్పు' అనేవాళ్లు. అది తప్పితే ఆత్మ వచ్చి ఇంటివాళ్లను పీడిస్తుందని భయం. మట్టి పలకల మీద దొరికిన ఒక పురాణగాథలో ఇష్తార్ దేవత పాతాళం గుమ్మం ముందు నిలబడి, తలుపు తీయకపోతే చచ్చినవాళ్లను లేపుతానని, వాళ్లు బతికున్నవాళ్లను తింటారని బెదిరిస్తుంది.

ఋగ్వేదం పదో మండలంలోని అంత్యక్రియల సూక్తం బతికున్నవాళ్లకూ మృత్యువుకూ మధ్య ఒక అడ్డు పెడుతుంది. మావైపు గుంత పూడ్చాక రాళ్లు పేర్చి ముళ్లకంప వేస్తారు. నక్కలు తవ్వకుండా అని మా పెద్దలు చెప్పేవాళ్లు. కానీ రాయి ఎప్పుడూ అడ్డుగానే లేదు. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ముదిగల్లులో ఇనుప యుగం నాటి బండల సమాధులను జనం రాక్షస గుళ్లంటారు. దక్షిణాదిలో ఇలాంటి సమాధులు చాలావాటిలో ఒక బండకు గుండ్రటి కంత ఉంటుంది. మూసినవాళ్లే దారీ వదిలారు.

నమ్మకం ఒక్కటే కాదు, కళ్లతో చూసిన సాక్ష్యం కూడా ఈ కథలకు బలమిచ్చింది. 1725లో, అప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియాలోని కిసిలేవో ఊళ్లో పీటర్ బ్లగోయెవిచ్ అనే రైతు చనిపోయి పది వారాలైంది. ఎనిమిది రోజుల్లో తొమ్మిది మంది పోయారు. రాత్రి అతనే వచ్చి మీద పడుకుని గొంతు నులిమాడని వాళ్లు పోయే ముందు చెప్పారట. ఆస్ట్రియా అధికారి ఎదుటే సమాధి తవ్వారు. పాత చర్మం ఊడి కింద కొత్తది కనిపించింది, గోళ్లూ కొత్తవే. నోట్లో తాజా రక్తం. గుండెలో మేకు దించి, శవాన్ని కాల్చేశారు.

వాళ్లు అబద్ధం చెప్పలేదు. చూసింది చూసినట్టే రాశారు. పేగుల్లోని బ్యాక్టీరియా చావు తర్వాతా పని ఆపదు. గ్యాస్ పుట్టి పొట్ట ఉబ్బుతుంది, శవం ఒళ్లు చేసినట్టు కనిపిస్తుంది. ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోని ఎర్రటి ద్రవం నోటికి, ముక్కుకి తన్నుకొస్తుంది. పైచర్మం జారిపోతే కింది పొర లేతగా తేలుతుంది. వేళ్ల చర్మం ఎండి వెనక్కి లాగడంతో గోళ్లు పెరిగాయనిపిస్తుంది. చల్లటి నేలలో ఇదంతా నెమ్మదిగా సాగుతుంది. 1755లో ఆస్ట్రియా మహారాణి మరియా థెరీసా తన వైద్యుడు వాన్ స్వీటెన్ చేత విచారణ చేయించి, శవాలను తవ్వి కాల్చడాన్ని నిషేధించింది.

చచ్చినా పోనివాడంటే అన్నిచోట్లా భయమే అనుకుంటే మా సీమ ఒప్పుకోదు. మా ఊరికి దగ్గర్లోనే కందిమల్లాయపల్లెలో పోతులూరి వీరబ్రహ్మం గారు జీవసమాధి అయ్యారు. పూలకోసం బనగానపల్లె వెళ్లిన శిష్యుడు సిద్ధయ్య తిరిగొచ్చి ఏడిస్తే, సమాధిలోంచి స్వామి పలికి, బండ తీయించి తన దండం, పాదుకలు ఇచ్చారని చెబుతారు. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగా బృందావనంలో, అంటే తన సమాధిలో, ప్రవేశించారు. తనకై తాను వెళ్లినవాడు స్వామి, అర్ధాంతరంగా పోయినవాడు దయ్యం. తేడా పోయిన తీరులోనే ఉంది.

మొన్న గురువారం మంత్రాలయం వెళ్లాను. నా ముందున్న ముసలామె బృందావనం వైపు చేతులు జోడించి, మనవడి ఉద్యోగం సంగతి చెప్పుకుంటోంది. మధ్యమధ్యలో ఆగుతోంది, అవతలివాళ్లు ఊకొట్టే దాకా ఆగినట్టు.