ఫలితం తేలాకే డబ్బు: ఇంపాక్ట్ బాండ్లపై అపోహలు - వాస్తవాలు

సంక్షేమ కార్యక్రమాలకు ఫలితాన్ని బట్టి చెల్లించే ఒప్పందాలు రాయడం, ఆ లెక్కలు సరిచూడడం నా పని. వీటిలో పనికి ముందు డబ్బును ప్రైవేటు పెట్టుబడిదారు పెట్టే రకాన్ని ఇంపాక్ట్ బాండ్ అంటారు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చే అధికారుల నుంచీ, స్వచ్ఛంద సంస్థల వాళ్ల నుంచీ తరచూ వినే మాటలివి.

అపోహ: ప్రైవేటు పెట్టుబడి వస్తే ప్రభుత్వం పైసా తీయక్కర్లేదు.

పెట్టుబడిదారు దానం చేయట్లేదు. పని మొదలుపెట్టడానికి ముందుగా డబ్బు పెడతాడు, అంతే. ఫలితం వచ్చిందని బయటి సంస్థ తేల్చాక ప్రభుత్వమో, ఏదైనా ఫౌండేషనో అసలు, పైన కొంత కలిపి తిరిగి ఇస్తుంది. 2010లో ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో జైలులో మొదలైన తొలి బాండ్‌నే తీసుకోండి. ఏడాదిలోపు శిక్షలు పూర్తిచేసి బయటికొచ్చే మగ ఖైదీలు మళ్లీ నేరాల్లోకి వెళ్లకుండా చూడాలి. 17 మంది పెట్టుబడిదారులు 50 లక్షల పౌండ్లు పెట్టారు. మొత్తం మీద కనీసం 7.5 శాతం తగ్గుదల కనిపించాలన్నది షరతు. 2017లో 9 శాతం తగ్గిందని తేలింది. అప్పుడే వాళ్ల అసలు, ఏడాదికి 3 శాతం పైచిలుకు రాబడి చేతికొచ్చాయి. కాబట్టి ఖజానాకు ఖర్చు తప్పదు. పని జరగకపోయినా డబ్బు పోతుందన్న భయం మాత్రం తప్పుతుంది.

అపోహ: ఏం జరిగినా పెట్టుబడిదారుకు లాభమే.

న్యూయార్క్ రైకర్స్ ఐలండ్ జైలులోని టీనేజీ కుర్రాళ్ల కార్యక్రమానికి 2012లో గోల్డ్‌మన్ శాక్స్ అనే బ్యాంకు 96 లక్షల డాలర్ల వరకు అప్పు ఇవ్వడానికి ఒప్పుకుంది. కుర్రాళ్లు మళ్లీ జైలుకు రావడంలో తేడా ఏమీ కనిపించలేదు. 2015లో ఆపేశారు, నగరం ఒక్క డాలర్ కూడా కట్టలేదు. అయితే గోల్డ్‌మన్‌కు పోయింది సుమారు 12 లక్షల డాలర్లే. మిగతా నష్టాన్ని బ్లూమ్‌బర్గ్ ఫిలాంత్రపీస్ అనే దాతృత్వ సంస్థ ఇచ్చిన హామీ భరించింది. ఇంత హామీ వెనక ఉంటే పెట్టుబడిదారు నిజంగా రిస్క్ తీసుకున్నట్టు నేను అనుకోను. ఒప్పందంలో నేను ముందుగా వెతికేది ఆ హామీ క్లాజునే.

అపోహ: టార్గెట్ పెడితే సంస్థలు చురుకైన పిల్లల్నే ఏరుకుంటాయి.

ఈ భయం ఉత్తుత్తిది కాదు, నాకూ ఉంది. కానీ అది బాండ్ మీద కంటే చెల్లింపు సూత్రం మీద ఆధారపడిన సంగతి. రాజస్థాన్‌లోని భీల్వాడా జిల్లాలో 2015 నుంచి 2018 దాకా ఎడ్యుకేట్ గర్ల్స్ సంస్థ చేసిన పని చూడండి. యూబీఎస్ ఆప్టిమస్ ఫౌండేషన్ 2.7 లక్షల డాలర్లు పెట్టింది. ఫలితానికి చెల్లిస్తానన్నది చిల్డ్రన్స్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ ఫౌండేషన్. కొలిచింది ఐడీఇన్‌సైట్. చెల్లింపులో 20 శాతం బడి బయట ఉన్న ఆడపిల్లల్ని చేర్పించినందుకు, 80 శాతం పిల్లలకు చదువు వచ్చినందుకు.

చదువు వచ్చిందో లేదో చూసే పరీక్ష పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చేసేది. ముందు అక్షరాలు చదవమంటారు, తర్వాత పదాలు, ఆ తర్వాత చిన్న పేరా, చివరికి కథ. కథ చదవగలిగిన వాళ్లెందరు అన్నది లెక్క కాదు. పిల్ల ఎన్ని మెట్లెక్కిందన్నదే లెక్క. అక్షరం రాని పిల్ల అక్షరాలు గుర్తుపట్టినా ఒక మెట్టే, పేరా దగ్గరున్న పిల్ల కథ చదివినా ఒక మెట్టే. వెనకబడిన పిల్లను వదిలేస్తే ఇక సంస్థకే నష్టం. ఆ మెట్లను కూడా, చీటీలు వేసినట్టు విడదీసిన, ఈ కార్యక్రమం లేని వేరే ఊళ్ల పిల్లలతో పోల్చి చూశారు.

రెండో ఏడాది చివరికి చదువు లక్ష్యంలో సగమే అందింది. గ్రాంటు అయితే రిపోర్టులో మంచి ఫొటోలు పెట్టి గట్టెక్కేసేవాళ్లు. ఇక్కడ ఆ వీలు లేదు. పిల్లల్ని స్థాయిని బట్టి గుంపులు చేశారు, బడికి రాని వాళ్ల ఇళ్లకు వెళ్లి పాఠం చెప్పారు. మూడో ఏడాది ముగిసేసరికి చదువులో లక్ష్యానికి 160 శాతం సాధించారు, బడి బయటి ఆడపిల్లల్లో 92 శాతం మంది చేరారు. పెట్టుబడిదారుకు ఏటా 15 శాతం రాబడి వచ్చింది. అంత ఎక్కువా అని అడిగేవాళ్లున్నారు, అడగాల్సిందే. కానీ ఫలితం రాకపోయి ఉంటే ఆ డబ్బు పోయేదే కదా.

అపోహ: అంకె వచ్చిందంటే ఫలితం వచ్చినట్టే.

అమెరికాలోని యూటాలో 2013లో మొదలైన ప్రీస్కూల్ బాండ్‌లో, ప్రత్యేక విద్య అవసరం పడొచ్చనుకున్న 110 మంది పిల్లల్లో 109 మందికి అది అవసరం పడలేదని ప్రకటించారు. పెట్టుబడిదారుకు డబ్బూ వచ్చింది. అసలు ఆ పిల్లలందరికీ అవసరం పడేదని ఎవరు చెప్పారని నిపుణులు నిలదీశారు. పోల్చడానికి వేరే పిల్లలే లేరు. ఇలాంటి ఒప్పందం నా ముందుకొస్తే సంతకం పెట్టొద్దనే చెబుతాను.

అపోహ: అన్ని పథకాలకూ ఇదే మందు.

కాదు. మూల్యాంకనం, లాయర్లు, నెలల తరబడి బేరాలు, అన్నీ ఖర్చే. టీకాల్లాగా పని చేస్తుందని ముందే రుజువైన వాటికి నేరుగా బడ్జెట్ ఇవ్వడమే మేలు.

అపోహ: చిన్న సంస్థలకు ఇది భద్రమైన దారి.

పెట్టుబడిదారు ఉంటేనే. మధ్యలో పెట్టుబడిదారు లేకుండా నేరుగా "ఫలితం చూపించు, బిల్లు పెట్టు" అనే ఒప్పందాలు కూడా ఉన్నాయి. వాటిలో భారమంతా సంస్థదే. బిల్లు ఆలస్యమైతే ముందు ఆగేది ఫీల్డ్ స్టాఫ్ జీతం. అందుకే ధృవీకరణ రిపోర్టు అందాక ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, ఆలస్యమైతే వడ్డీ ఎంత, రిపోర్టు మీద అభ్యంతరం వస్తే ఎవరు తేలుస్తారు అన్న మూడూ సంతకానికి ముందే రాతపూర్వకంగా తీసుకోండి.