టక్‌మంటుంది, కానీ తిరగదు

పొద్దున ఒక్క తిప్పుకే అందుకున్న ఇంజన్, గంటసేపు నడిపి పది నిమిషాలు ఆపాక మళ్లీ తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకుంటుంది. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, సెల్ఫ్ మాత్రం తిరగదు. అరగంట ఆగి తిప్పితే మామూలుగానే స్టార్ట్ అవుతుంది. నా పికప్ ట్రక్కు మూడు నెలల పాటు నన్ను ఇలాగే తిప్పలు పెట్టింది. వర్క్‌షాప్‌కు తీసుకెళ్తే అక్కడ బుద్ధిగా స్టార్ట్ అయ్యేది. ముందు బ్యాటరీ మార్చారు. తర్వాత సెల్ఫ్ మోటారే మార్చేశారు. రెండుసార్లూ వారం రోజులు బాగుంది, రెండుసార్లూ కథ మళ్లీ మొదటికొచ్చింది.

పూర్తిగా పాడైన బండిని బాగుచేయడం సులువు, ఎందుకంటే లోపం ఎక్కడికీ పోదు. ఎప్పుడో ఒకసారి మొరాయించే బండితోనే చిక్కు. అయితే మూడు నెలల తర్వాత నాకు అర్థమైంది ఒక్కటే: బండి బాగా స్టార్ట్ అయిన రోజున కూడా లోపం అక్కడే ఉంటుంది. ఇంజన్ దాన్ని ఎలాగో తట్టుకుని నెట్టుకొస్తుంది, అంతే. సరైన చోట, సరైన సమయంలో కొలిస్తే బాగున్న రోజునే దాన్ని పట్టుకోవచ్చు.

ఒకప్పుడు ఇంజన్ ముందు నిలబడి ఇనుప హ్యాండిల్‌తో తిప్పాల్సి వచ్చేది. హ్యాండిల్ వెనక్కి తన్ని చేతులు విరిగిన వాళ్లు ఎందరో. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలో వచ్చాక ఆ కష్టం తీరింది. సూత్రం ఇప్పటికీ అదే. చిన్న మోటారుకు కొద్ది సెకన్ల పాటు బోలెడంత కరెంటు ఇచ్చి, దాంతో పెద్ద ఇంజన్‌ను తిప్పించడం. ఆ ‘బోలెడంత’ ఎంతో తెలిస్తేనే ముందుకు వెళ్లగలం. మామూలు పెట్రోల్ ఇంజన్‌కు 150 నుంచి 200 ఆంపియర్లు కావాలి, డీజిల్‌కు ఇంకా ఎక్కువ. ఒక 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తీసుకునేది 5 ఆంపియర్ల లోపే. కాబట్టి ‘లైట్లు బాగానే వెలుగుతున్నాయి, బ్యాటరీలో లోపం లేదు’ అనే మాటకు అర్థం, 5 ఆంపియర్లకు దారి ఉందని మాత్రమే. 200 ఆంపియర్లకు దారి ఉందో లేదో అది చెప్పదు.

ఇక ఆ చప్పుడు సంగతి. తాళం తిప్పగానే సెల్ఫ్ మీద కూర్చున్న సొలినాయిడ్ అనే విద్యుదయస్కాంతం పని మొదలుపెడుతుంది. అది ఒక ఇనుప కడ్డీని లోపలికి లాగుతుంది. ఆ కడ్డీ ఒక పక్క చిన్న పళ్లచక్రాన్ని నెట్టి ఇంజన్‌తో పాటు తిరిగే పెద్ద చక్రం ఫ్లైవీల్ పళ్లలో కూర్చోబెడుతుంది, ఇంకో పక్క ఒక రాగి బిళ్లను రెండు లావాటి కాంటాక్టుల మీద అదుముతుంది. అప్పుడు బ్యాటరీ కరెంటు మోటారులోకి దూకుతుంది. మనకు వినిపించే ‘టక్’ ఆ కడ్డీ కదిలిన శబ్దమే.

చెవి పెట్టి వింటే ఈ శబ్దంలోనే సగం సమాచారం ఉంటుంది. ‘టకటకటక’మని గబగబా కొట్టుకుంటుంటే బ్యాటరీ నీరసించిందనో, టెర్మినల్ లూజైందనో అనుకోవచ్చు. కాంటాక్టులు కలవగానే మోటారు కరెంటు లాగుతుంది, వోల్టేజ్ పడిపోతుంది, సొలినాయిడ్ పట్టు వదిలేస్తుంది. వదలగానే భారం పోయి వోల్టేజ్ మళ్లీ లేస్తుంది, కడ్డీ మళ్లీ కదులుతుంది. ఒకే ఒక్క గట్టి ‘టక్’ వచ్చి ఆగిపోతే కడ్డీ తన పని తాను చేసింది, పెద్ద కరెంటు మాత్రం మోటారుకు సరిగా అందలేదు, లేదా అందినా మోటారు తిరగలేదు. కాంటాక్టులు కాలి ఉండొచ్చు, మోటారు తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగి ఉండొచ్చు, కేబుల్ చెడి ఉండొచ్చు. సెల్ఫ్ మీద చిన్న సుత్తితో మెల్లగా తడితే స్టార్ట్ అయ్యే బండ్లలో చాలావరకు బ్రష్షులే కారణం. తట్టినప్పుడు ఇరుక్కున్న బ్రష్ కాస్త జరిగి మళ్లీ తగులుతుంది. అది మూన్నాళ్ల ముచ్చటే.

అసలు చప్పుడే రాకపోతే ఆర్డరు సొలినాయిడ్ దాకా చేరలేదేమో చూడాలి. తాళం స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), ఫ్యూజ్, ఆటోమేటిక్ గేరు బండిలో పార్క్-న్యూట్రల్ స్విచ్, మాన్యువల్ అయితే క్లచ్ పెడల్ స్విచ్ అన్నీ ఈ సన్న వైరు దారిలోనే ఉంటాయి. గేరు పార్క్‌లో పలకకుండా న్యూట్రల్‌లో పలికితే ఆ స్విచ్‌నే అనుమానించాలి. రిలే మీద అనుమానముంటే ఫ్యూజ్ బాక్సులోనే తరచుగా అచ్చం అలాంటిదే ఇంకోటి ఉంటుంది, రెండింటినీ అటూ ఇటూ మార్చి చూడొచ్చు.

ఎప్పుడో ఒకసారి వచ్చే లోపానికి నేను నేర్చుకున్న మంచి ఉపాయం ఒకటుంది. తాళం నుంచి వచ్చే సన్న వైరు సొలినాయిడ్‌కు చేరే పిన్ను దగ్గర ఒక వైరు కలిపి, మధ్యలో చిన్న ఫ్యూజ్ పెట్టి, దాన్ని క్యాబిన్‌లోకి లాక్కొచ్చి డ్యాష్‌బోర్డ్ మీద ఒక చిన్న 12 వోల్టుల బల్బు తగిలించాను. బల్బు రెండో కొసను క్యాబిన్ బాడీకి ఎర్త్ చేశాను. తాళం తిప్పిన ప్రతిసారీ బల్బు వెలగాలి. బండి మొరాయించిన క్షణంలో వెలగకపోతే లోపం తాళం వైపు. వెలిగితే సెల్ఫ్ వైపు, లేదా దాని లావు కేబుళ్ల వైపు. వర్క్‌షాప్ దాకా లాక్కెళ్లక్కర్లేదు, లోపం వచ్చిన చోటే సాక్ష్యం దొరుకుతుంది. నాలుగో రోజు మధ్యాహ్నం, వేడి ఇంజన్‌తో, ‘టక్’మంది. బల్బు నిక్షేపంగా వెలిగింది. అంతవరకు నేను అనుమానించిన తాళం స్విచ్, రిలే, క్లచ్ స్విచ్ అన్నీ ఒక్క దెబ్బకు జాబితాలోంచి పోయాయి.

సెల్ఫ్ అప్పటికే మార్చేశారు కాబట్టి మిగిలింది లావు కేబుళ్లు. ఇక్కడే ఓమ్ సూత్రం మన పక్షాన నిలబడుతుంది. ఒక జాయింటులో 0.01 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. హెడ్‌లైట్‌కు వెళ్లే 5 ఆంపియర్ల మీద అక్కడ పోయేది 0.05 వోల్టు, ఎవరికీ తెలియదు. అదే జాయింటులోంచి 200 ఆంపియర్లు పోవాలంటే 2 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి, 400 వాట్ల వేడి పుడుతుంది. 12 వోల్టుల వ్యవస్థలో 2 వోల్టులు పోవడం తక్కువేం కాదు.

చాలామంది మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి కేబుల్ ఈ చివర ఒక ప్రోబ్, ఆ చివర ఒకటి పెట్టి ‘బీప్’మంటే బాగుందంటారు. ఈ పరీక్ష నన్ను కూడా చాలాకాలం తప్పుదారి పట్టించింది. మామూలు మీటర్ ప్రోబ్ వైర్లకే 0.1, 0.2 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. మనం వెతుకుతున్నది అందులో ఇరవయ్యో వంతో, ఇంకా తక్కువో. పైగా మీటర్ పంపే కరెంటు అతి స్వల్పం. కేబుల్‌లో వంద పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా అది బీప్‌మంటుంది. ఆ ఒక్క పోగు 200 ఆంపియర్లను మాత్రం మోయలేదు. కాబట్టి కేబుల్‌ను ఖాళీగా ఉన్నప్పుడు కాదు, బరువు మోస్తున్నప్పుడే పరీక్షించాలి.

పికప్ ట్రక్కు నిర్మాణం తెలిస్తే ఈ పరీక్ష ఎందుకంత ముఖ్యమో తెలుస్తుంది. చాలా పికప్‌లు ఇప్పటికీ నిచ్చెనలాంటి చాసిస్ మీద కట్టినవే. క్యాబిన్ వేరు, వెనక సామాను తొట్టి వేరు, ఇంజన్ వేరు. క్యాబిన్, ఇంజన్ రెండూ రబ్బరు మౌంట్ల మీదే కూర్చుంటాయి. రబ్బరు కరెంటును పోనివ్వదు. అందుకే బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజన్‌కు, ఇంజన్ నుంచి క్యాబిన్‌కు, చాసిస్‌కు విడివిడిగా ఎర్త్ వైర్లు వేస్తారు. సెల్ఫ్‌కు తిరుగు దారి ఇంజన్ ఎర్తే. అది చెడితే కరెంటు అడ్డదారులు వెతుక్కుంటుంది. పాత బండ్లలో ఆక్సిలరేటర్ కేబులో, క్లచ్ కేబులో ఊరికే వేడెక్కి కాలిపోయాయంటే చాలాసార్లు కారణం ఇదే. సెల్ఫ్ కరెంటు ఆ సన్నని ఉక్కు తీగల్లోంచి పోయింది. వీటికి తోడు బురద, నీళ్లు, సామాను కుదుపులు. ఆ కింద బిగించిన ప్రతి బోల్టూ తుప్పుకు నిలయమే.

పరీక్ష ఇలా చేశాను. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజన్ అందుకోకుండా ఫ్యూయల్ పంప్ రిలే తీసేశాను. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక ప్రోబ్‌ను బ్యాటరీ నెగటివ్ సీసపు స్తంభం మీద (దాని మీద బిగించిన క్లాంపు మీద కాదు), రెండోదాన్ని ఇంజన్ బ్లాక్ మీద గీకి మెరిపించిన చోట అదిమి పెట్టాను. ఇంకొకరు లోపల కూర్చుని తాళం తిప్పారు. సెల్ఫ్ చక్కగా తిరిగింది. మీటర్ 0.6 వోల్టు చూపించింది. ఎర్త్ వైపు 0.2 దాటకూడదు. పాజిటివ్ స్తంభం నుంచి సెల్ఫ్ లావు బోల్టు దాకా 0.5 దాటకూడదు, అది 0.3 దగ్గరే ఉంది. బ్యాటరీ వోల్టేజ్ తిరుగుతున్నంతసేపు 10 పైనే నిలబడింది, 9.6 కంటే పడనంతవరకు బ్యాటరీని తప్పుపట్టలేం.

అంటే బండి బాగా తిరుగుతున్నప్పుడే ఎర్త్ దారిలో మూడింతల నష్టం కనిపిస్తోంది. ఆ దారినే ముక్కలు ముక్కలుగా కొలిచాను. స్తంభానికీ క్లాంపుకూ మధ్య దాదాపు సున్నా. కేబుల్ చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క అయిన లగ్గుకూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య సున్నాకు దగ్గరే. మిగిలినదంతా కేబుల్‌కూ లగ్గుకూ మధ్య నొక్కి బిగించిన చోటే పోతోంది. పైకి నల్లటి తొడుగు నున్నగా, కొత్తదానిలా ఉంది. బ్లేడుతో కోసి విప్పితే లోపల రాగి పోగులన్నీ పచ్చటి పొడిగా మారి ఉన్నాయి, వేలితో రుద్దితే రాలిపోయాయి. నివురు కప్పిన నిప్పులా ఇంతకాలం అక్కడే దాగింది. బ్యాటరీ, సెల్ఫ్ మార్చినప్పుడు కేబుళ్లను విప్పి బిగించారు, ఆ కదలికకు పోగులు కాస్త తగులుకున్నాయి. ఆ వారం రోజుల సుఖం దాని పుణ్యమే.

మరి వేడి మీదే ఎందుకు మొరాయించింది? ఇంజన్ ఆపగానే కూలెంట్ తిరగడం ఆగిపోతుంది, ఫ్యాన్ గాలి ఆగిపోతుంది, ఎగ్జాస్ట్‌లో ఉన్న వేడి బానెట్ కింద పరుచుకుంటుంది. ఆపిన పది, పదిహేను నిమిషాలకు సెల్ఫ్ దగ్గర వేడి నడుస్తున్నప్పటి కంటే పెరుగుతుంది. రాగి నిరోధం ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వెళ్తే 30 శాతం పైనే. సొలినాయిడ్ చుట్ట బలం ఆ మేరకు తగ్గుతుంది, చెడిన జాయింటు వ్యాకోచించి మరింత వదులవుతుంది. కేబుల్ మార్చకముందు, మొరాయించిన సమయంలోనే ఒకసారి మీటర్ పెట్టి చూశాను. ఎర్త్ వైపు 4.8 వోల్టులు పోతున్నాయి. మోటారుకు మిగిలేది దాదాపు సగమే.

సెల్ఫ్ బాగానే తిరుగుతూ ఇంజన్ మాత్రం అందుకోకపోవడం వేరే జబ్బు. అక్కడ వెతకాల్సింది డీజిల్‌నో పెట్రోల్‌నో, నిప్పురవ్వనో. వేడి మీద ఆగిపోయి చల్లబడ్డాక స్టార్ట్ అయ్యే బండ్లలో క్రాంక్‌షాఫ్ట్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడును కనిపెట్టే పరికరం) పేరు తరచుగా వినిపిస్తుంది. లోపలి సన్నటి చుట్టలో పగులుంటే వేడికి విడిపోతుంది, చల్లారాక అతుక్కుంటుంది. స్కానర్ తగిలించి సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం సున్నా అని చూపిస్తే అనుమానం బలపడినట్టే. రాత్రంతా నిలిపిన పెట్రోల్ బండి చాలాసేపు తిప్పితేగానీ అందుకోకపోతే, తాళాన్ని ఆన్ దాకా తిప్పి రెండు సెకన్లు ఆగడం రెండుమూడుసార్లు చేసి చూడండి. అప్పుడు వెంటనే స్టార్ట్ అయితే ఫ్యూయల్ పంపు ప్రెజర్ రాత్రికి రాత్రి జారిపోతోందన్నమాట. పికప్‌లో పంపు వైర్లు చాసిస్ పొడవునా వెనక ట్యాంకు దాకా వెళ్తాయి, తొట్టి కింద కనెక్టర్‌లోకి నీళ్లు చేరడం మామూలే. తాళం బొమ్మ లైటు మిణుకుమంటుంటే మాత్రం ముందు దొంగతనాన్ని అడ్డుకునే ఇమ్మొబిలైజర్‌నూ, ఇంకో తాళాన్నీ చూడాలి.

నాలుగు రోజులు నిలిపాక మాత్రమే వచ్చే సమస్య అయితే కరెంటు కారిపోతోందేమో లెక్కేయాలి. బండి పూర్తిగా నిద్రపోయాక 50 మిల్లీఆంపియర్ల లోపు తీసుకోవడం సహజం. ఎక్కడో అర ఆంపియర్ పోతుంటే 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ ఐదు రోజుల్లో ఖాళీ. ఒక మాట గుర్తుంచుకోవాలి, కొలిచే ముందు తలుపులు మూసి అరగంటైనా ఆగాలి, బండిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సమయం పడుతుంది.

కొత్త ఎర్త్ కేబుల్ వేశాక మీటర్ 0.08 వోల్టు చూపించింది. ఆ రోజు పదిసార్లు స్టార్ట్ చేశాను, పదిసార్లూ పలికింది. అయినా నమ్మలేదు, ఎందుకంటే పాత లోపం వేడి ఇంజన్ మీద దాదాపు పదిసార్లకు ఒకసారే వచ్చేది. అలాంటి లోపం ఇంకా మిగిలి ఉన్నా, వరుసగా పదిసార్లు బయటపడకుండా ఉండే అవకాశం 0.9ని పదిసార్లు గుణిస్తే వస్తుంది. అది 35 శాతం, అంటే మూడింట ఒక వంతు కంటే ఎక్కువ. ముప్పైసార్లకు అది 4 శాతానికి పడిపోతుంది. చల్లటి ఇంజన్ మీద చేసినవి ఈ లెక్కలోకి రావు. అందుకే డ్యాష్‌బోర్డ్ మీద బల్బును అలాగే ఉంచి, ప్రయాణం చేసి ఆపి పది నిమిషాలాగి తాళం తిప్పిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో ఒక గీత గీశాను. ముప్పయ్యో గీత పడ్డాకే ఆ వైరు విప్పాను.