నడక, సైకిల్, నగరం: వీధుల డిజైన్‌లో అపోహలు - వాస్తవాలు

నగర వీధుల డిజైన్ నా పని. ఉన్న వెడల్పులోనే ఫుట్‌పాత్‌కి ఎంత, సైకిల్ ట్రాక్‌కి ఎంత, బస్సులకు ఎంత, కార్లకు ఎంత అని వాటాలు వేయాలి. వాటాలన్నాక గొడవ తప్పదు. ఆస్తి పంపకాల్లో లాగే ఇక్కడా ఇన్నాళ్లూ ఎక్కువ అనుభవించినవాళ్లకే ఎక్కువ కోపం వస్తుంది. ప్రజలతో సమావేశం పెట్టిన ప్రతిసారీ వినిపించే అభ్యంతరాలు ఇంచుమించు అవే. అడిగేవాళ్లను తప్పుపట్టను, వినగానే నిజమే కదా అనిపించేలా ఉంటాయి చాలావరకు. కానీ దాదాపు అన్నింటి వెనకా నాకు ఒకటే లోపం కనిపిస్తుంది. ఇవాళ రోడ్డు మీద ఎవరున్నారో వాళ్లనే లెక్కపెడతాం. ఆ రోడ్డు ఉన్న తీరు వల్ల బయటికే రానివాళ్లను మర్చిపోతాం.

అపోహ: రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తగ్గుతుంది

తగ్గుతుంది, కొన్నాళ్లు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవే విస్తరణ 2008లో పూర్తయింది. సర్వీస్ రోడ్లతో కలిపి కొన్నిచోట్ల 26 లేన్లు! 2011, 2014 సంవత్సరాలను పోల్చి చూస్తే సాయంత్రం రద్దీలో ప్రయాణ సమయం 50 శాతానికి పైగా పెరిగింది. ఇదేదో ఒక్క రోడ్డు కథ అనుకోవద్దు. డ్యురాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాల సమాచారమంతా విశ్లేషించి 2011లో తేల్చింది కూడా ఇదే: హైవే లేన్లు ఎంత శాతం పెరిగితే, వాహనాలు తిరిగే దూరం కూడా దాదాపు అంత శాతమే పెరుగుతుంది.

ఎందుకలా? రద్దీకి భయపడి చీకటితోనే బయల్దేరేవాళ్లు, చుట్టుదారిలో వెళ్లేవాళ్లు, బస్సెక్కేవాళ్లు, అసలు ఆ ప్రయాణమే మానుకున్నవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రోడ్డు ఖాళీ అయిందనగానే వీళ్లంతా దాని మీదికి వస్తారు. ఇంకో నాలుగైదేళ్లలో ఆ రోడ్డును నమ్ముకుని ఊరి చివర కొత్త కాలనీలు లేస్తాయి. మా ట్రాఫిక్ సర్వేలో వీళ్లెవరూ ఉండరు. ఆ రోజు జంక్షన్ దాటిన వాహనాల సంఖ్య మాత్రమే ఉంటుంది.

రోడ్డు తీసేస్తే? సియోల్ నడిబొడ్డున చొంగ్యెచొన్ అనే వాగును కప్పేసి, దాని మీద ఫ్లైఓవర్ కట్టారు. రోజూ లక్షన్నరకు పైగా వాహనాలు తిరిగే ఆ దారిని 2003లో కూల్చేసి, 2005 నాటికి వాగును మళ్లీ బయటికి తెచ్చారు. అందరూ జోస్యం చెప్పినట్టు నగరం స్తంభించిపోలేదు. అయితే ఒక్క మాట చెప్పాలి. అదే సమయంలో అక్కడ బస్సుల వ్యవస్థను పూర్తిగా మార్చారు, వాటికి ప్రత్యేక లేన్లు ఇచ్చారు. ఉత్తినే కూల్చేసి ఊరుకుని ఉంటే ఫలితం అంత బాగుండేదని నేను అనను.

ఇక అసలు లెక్క. సుమారు 3 మీటర్ల వెడల్పున్న ఒక్క లేన్‌లో గంటకు ఎంతమంది మనుషులు వెళ్లగలరు? అమెరికా నగరాల రవాణా అధికారుల సంఘం వాడే అంచనాల ప్రకారం కార్లలో అయితే 600 నుంచి 1,600 మంది. రక్షణ ఉన్న సైకిల్ ట్రాక్ మీద 7,500 మంది. ఫుట్‌పాత్ మీద 9,000 మంది. ‘రోడ్డు సామర్థ్యం’ అన్నప్పుడల్లా వాహనాలను లెక్కపెట్టడం మా వృత్తికి పట్టిన పాత జబ్బు.

అపోహ: ఇక్కడ సైకిల్ తొక్కేవాళ్లే లేరు, ట్రాక్ ఎవరికోసం?

ఈ మాటకు తోకగా ఇంకోటి వస్తుంది: ‘నెదర్లాండ్స్ వాళ్లంటారా, వాళ్ల సంస్కృతే వేరు.’

నెదర్లాండ్స్ సంగతే చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ కూడా కార్లు పెరిగాయి, సైకిళ్లు తగ్గుతూ వచ్చాయి. కార్ల కోసం పాత పేటలను పడగొట్టే ప్రణాళికలు వేశారు. యూట్రెక్ట్ నగరంలో పాత కాలువలో కొంత భాగాన్ని ఎండబెట్టి మోటారు రోడ్డు వేశారు కూడా. 1971లో ఆ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 3,000 మందికి పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అనే పేరుతోనే ఒక ఉద్యమం మొదలైంది. తల్లిదండ్రులు రోడ్ల మీద బైఠాయించారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ఆదివారాలు కార్లు ఆపేసినప్పుడు, కార్లు లేని వీధి ఎలా ఉంటుందో జనం కళ్లారా చూశారు. ఇవాళ మనం చూస్తున్న సైకిల్ ట్రాకులు ఆ తర్వాత పదుల ఏళ్ల పాటు, వీధి తర్వాత వీధిలో, కౌన్సిళ్లలో కొట్లాడి సాధించుకున్నవి. యూట్రెక్ట్‌లో ఆ మోటారు రోడ్డును తవ్వేసి, 2020లో కాలువను మళ్లీ నీళ్లతో నింపారు.

అదంతా యాభై ఏళ్ల కథ, మాకంత టైమ్ లేదంటారా? స్పెయిన్‌లోని సెవిల్ చూడండి. 2006 ప్రాంతం దాకా అక్కడ సైకిల్ ప్రయాణాలు లెక్కలోకి తీసుకోదగ్గవే కావు. రెండేళ్లలోపే సుమారు 80 కిలోమీటర్ల ట్రాకులు వేశారు, తర్వాత ఇంకా పెంచారు. 2010 వచ్చేసరికి రోజుకు 60 వేలకు పైగా సైకిల్ ప్రయాణాలు. అంత కొద్దికాలంలో జనం సంస్కృతి ఏమీ మారిపోదు కదా.

సెవిల్ చేసిన తెలివైన పని ఏమిటంటే, ముక్కలు ముక్కలుగా వేయకుండా ఒకేసారి ఊరంతా కలిసే నెట్‌వర్క్ వేయడం. మంచి ట్రాక్ మీద రెండు కిలోమీటర్లు తొక్కి, చివర్లో లారీల మధ్యలోకి దిగాల్సి వస్తే పదేళ్ల పిల్లను ఎవరూ పంపరు. పెద్దవాళ్లూ రారు. గొలుసులో తెగిన లింకు ఎక్కడుందో అక్కడే మనుషులు ఆగిపోతారు. అర కిలోమీటరు ట్రాక్ వేసి, రిబ్బన్ కత్తిరించి, ఆరు నెలల తర్వాత ‘చూశారా, ఎవరూ వాడట్లేదు’ అనడం నాకు చిరాకు తెప్పించే విషయం. అది ప్రయోగం కాదు, ఫెయిల్ అవ్వడానికి చేసిన ఏర్పాటు.

అపోహ: ఎండ, చలి, గుట్టలు ఉన్నచోట సైకిల్ నడవదు

సెవిల్‌లో వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. ఫిన్లాండ్‌లోని ఔలు ఆర్కిటిక్ వలయానికి దగ్గర్లో ఉంటుంది. అక్కడ ఉదయం జనం బయల్దేరేలోపే ముఖ్యమైన సైకిల్ దారుల మీద మంచు తీసేస్తారు, కాబట్టి చలికాలంలోనూ తొక్కుతారు. నార్వేలోని ట్రాండ్‌హైమ్‌లో నిటారు వీధి ఎక్కడానికి 1993లో ఏకంగా సైకిళ్లకు లిఫ్టే పెట్టారు. ఇప్పుడు ఎలక్ట్రిక్ సైకిళ్లు వచ్చాక గుట్టల వాదనలో పస తగ్గింది. ఎండ మాత్రం నిజమైన సమస్యే. దానికి మందు నీడ. అందుకే రోడ్డు విస్తరణ కోసం ముందుగా చెట్లు కొట్టే డ్రాయింగ్ చూస్తే నాకు నడకను చంపే డ్రాయింగ్‌లాగే కనిపిస్తుంది.

అపోహ: తెల్ల గీత గీస్తే సైకిల్ ట్రాక్ వచ్చినట్టే

గీత వాహనాన్ని ఆపదు. పైగా ఆ జాగా ఉచిత పార్కింగ్‌గా మారిపోతుంది. అంచు రాయో, ఎత్తులో తేడానో, మొక్కల తొట్లో ఏదో ఒక అడ్డు ఉండాలి. అడ్డు కంటే కూడా ముఖ్యం జంక్షన్. సైకిల్ ప్రమాదాల్లో ఘోరమైనవి చాలావరకు మలుపు తిరిగే వాహనాల వల్ల జరిగేవే. ఎవరైనా సైకిల్ ట్రాక్ ప్లాన్ చూపిస్తే నేను ముందు జంక్షన్ షీట్ తీయమంటాను. ట్రాక్ అక్కడిదాకా వచ్చి మాయమైతే ఇంక మిగతా షీట్లు చూడక్కర్లేదు.

అపోహ: ఫుట్ ఓవర్ బ్రిడ్జి పాదచారుల భద్రత కోసం

దీన్ని కాస్త లెక్క వేసి చూద్దాం. కింద నుంచి పెద్ద వాహనాలు పోవాలంటే సుమారు 5.5 మీటర్ల ఖాళీ కావాలి. వంతెన మందం కలిపితే మనిషి ఎక్కాల్సింది 6 మీటర్లు. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లు అనుకుంటే 40 మెట్లు ఎక్కి, 40 దిగాలి. వీల్‌చైర్‌కి ర్యాంపు కట్టాలంటే వాలు 1:12 (12 మీటర్ల పొడవుకు 1 మీటరు ఎత్తు) మించకూడదు. అంటే ఒక్క వైపే 72 మీటర్లు, రెండు వైపులా 144. 14 మీటర్ల రోడ్డు దాటడానికి!

అంత దూరం ఎవరు వెళ్తారు? డివైడర్ సందులోంచి దూకి దాటుతారు. అప్పుడు కంచె కడతాం. కంచెకు కన్నం పడుతుంది. అప్పుడు జనానికి క్రమశిక్షణ లేదంటాం. నిజం చెప్పాలంటే ఆ వంతెన వాహనాలు ఆగకుండా పోవడం కోసం కట్టింది, మనుషుల కోసం కట్టింది కాదు. యాక్సెస్ కంట్రోల్ ఉన్న, అంటే ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికి వీల్లేని, హైవే మీదో, రైలు పట్టాల మీదో అయితే సరే. నగరం మధ్యలో మాత్రం నేల మీదే దాటే ఏర్పాటు చేయాలి. రోడ్డుకంటే కొంచెం ఎత్తులో, ఫుట్‌పాత్ మట్టానికి కట్టిన జీబ్రా క్రాసింగ్, మధ్యలో ఆగి నిలబడడానికి చోటు, తగినంత సిగ్నల్ టైమ్ ఉండాలి.

సిగ్నల్ టైమ్ అన్నాను కాబట్టి ఇంకో విషయం. మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని పెట్టుకుని టైమర్ బిగించడం పాత అలవాటు. ఆ లెక్కన 14 మీటర్లకు 12 సెకన్లు చాలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సెకనుకు 0.8 మీటర్లే నడుస్తుంది, ఆమెకు 17 సెకన్లకు పైనే కావాలి. అమెరికా ప్రమాణాల్లో కూడా 2009లో ఈ వేగాన్ని తగ్గించారు. ఆ ఐదారు సెకన్లు దొరక్కే చాలామంది వృద్ధులు రోడ్డు అవతలి పార్కుకు వెళ్లడం మానేస్తారు. సర్వేలో వాళ్లు కనిపించరు.

అపోహ: గంటకు 50 కిలోమీటర్ల వేగం పెద్ద ప్రమాదమేం కాదు

పొడి రోడ్డు మీద, డ్రైవర్ స్పందించడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, పిల్లాడు అడ్డం వచ్చాక సుమారు 13 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. 50తో వచ్చే కారు ఆ 13 మీటర్లు దాటేసరికి డ్రైవర్ కాలు ఇంకా బ్రేక్ మీద పడి కూడా ఉండదు. అంటే ఒక కారు ఆగిన చోట ఇంకో కారు పూర్తి వేగంతో గుద్దుతుంది. గుద్దే శక్తి కూడా దాదాపు 2.8 రెట్లు.

బోర్డు పెడితే వేగం తగ్గుతుందా అంటే, పెద్దగా తగ్గదు. డ్రైవర్ బోర్డు చూసి కాదు, రోడ్డు చూసి నడుపుతాడు. లేన్ వెడల్పుగా, మలుపు విశాలంగా ఉంటే కాలు దానంతటదే నొక్కుతుంది. లేన్ 3 మీటర్ల దగ్గర పెట్టి, మూల మలుపు బిగించి, క్రాసింగులు ఎత్తుగా కడితే పోలీసు లేకపోయినా నెమ్మదిస్తాడు. ఓస్లో నగరం వేగాలు తగ్గించి, నడిబొడ్డున పార్కింగ్ తీసేసి, సైకిల్ దారులు పెంచింది. 2019లో అక్కడ ఒక్క పాదచారి గానీ, సైకిల్ తొక్కే మనిషి గానీ రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు.

అపోహ: పార్కింగ్ తీసేస్తే షాపులు మూతపడతాయి

ఈ భయం నాకు అర్థమవుతుంది, ఎందుకంటే పెట్టుబడి వాళ్లది. 1962లో కోపెన్‌హేగన్‌లో స్ట్రోగెట్ వీధిని నడకకు మాత్రమే కేటాయించినప్పుడు కూడా వ్యాపారులు ఇలాగే వ్యతిరేకించారు. ఇప్పుడది యూరప్‌లో పేరున్న షాపింగ్ వీధుల్లో ఒకటి. టొరంటోలోని బ్లూర్ వీధి మీద 2009లో వెలువడిన సర్వేలో, కారులో వచ్చే కస్టమర్లు 10 శాతం దగ్గరే ఉన్నారు. చాలామంది వ్యాపారులు మాత్రం అంతకంటే ఎక్కువ అనుకుంటున్నారు. షాపు ముందు ఆగిన కారు కంటికి కనిపిస్తుంది. నడిచొచ్చిన మనిషి ఎలా వచ్చాడో ఎవరూ అడగరు.

వ్యాపారుల వైపు నుంచి రెండు నిజమైన ఇబ్బందులున్నాయి. పనులు సాగదీస్తే ఆ నెలల్లో వ్యాపారం దెబ్బతింటుంది. సరుకు దింపుకోవడానికి చోటు, వేళ ముందే రాసి పెట్టకపోతే రోజూ గొడవే. ఈ రెండూ మా వైపు నుంచి సరిదిద్దాల్సినవి.

అపోహ: ఇలాంటి వీధులు వికలాంగులకు, అంబులెన్సులకు ఇబ్బంది

సరిగ్గా చేయకపోతే ఇబ్బందే. అంచు రాళ్లన్నీ తీసేసి అందరూ కలిసి తిరిగే చదును వీధులు కట్టినచోట, కర్ర తాకించి అంచు తెలుసుకునే అంధులు దిక్కు తోచక అభ్యంతరం చెప్పారు. వాళ్ల మాట సబబే. అంధులకు దారి తెలియడానికి జపాన్‌లో సెయిచి మియాకే కనిపెట్టిన గుబ్బల పలకలను 1967లో ఒకాయామాలో మొదటిసారి పరిచారు. వాటిని ఇవాళ ప్రపంచమంతా వాడుతున్నారు. కానీ అవి స్తంభంలోకో, మ్యాన్‌హోల్‌లోకో దారితీస్తే లాభమేముంది! అంబులెన్సుకు అడ్డం మాత్రం ఎప్పుడూ ఆగిన కార్లే. వెడల్పైన సైకిల్ ట్రాక్ ఉంటే అవసరానికి అందులోంచి కూడా పోవచ్చు, సైకిళ్లు క్షణంలో పక్కకు తప్పుకుంటాయి.

అపోహ: ‘15 నిమిషాల నగరం’ జనాన్ని పేటల్లో బంధించే కుట్ర

పారిస్‌లో ప్రొఫెసర్ కార్లోస్ మొరెనో 2016లో చెప్పిన ఆలోచన ఇది. బడి, దుకాణం, డాక్టరు, పార్కు వంటివి ఇంటి నుంచి పావుగంట నడకలోనో సైకిల్ మీదో అందాలి. 2023 మొదట్లో ఆక్స్‌ఫర్డ్‌లో నిరసనలు జరిగాయి. కొన్ని రోడ్ల మీద కార్లను నియంత్రించే పథకాన్ని, ఈ ఆలోచనను జనం ఒకటిగా కలిపేసుకున్నారు. ఎవరూ ఎక్కడికీ వెళ్లకూడదని ఇందులో లేదు. వెళ్లక తప్పని పరిస్థితి ఉండకూడదని మాత్రమే ఉంది.

నా అభిప్రాయంలో దీనికి అసలు అడ్డంకి కట్టడాల నిబంధనల్లో ఉంది. ఇళ్లున్న చోట దుకాణం ఉండకూడదంటారు, ప్రతి భవనానికి ఇన్ని కార్ల పార్కింగ్ కట్టి తీరాలంటారు. తిరిగే దారితో కలిపితే ఒక్కో కారుకు 25 నుంచి 30 చదరపు మీటర్లు పోతుంది. ఒక చిన్న ఇల్లంత జాగా. మెక్సికో సిటీ 2017లో ఈ కనీస పార్కింగ్ నిబంధనే ఎత్తేసి, దాని బదులు గరిష్ఠ పరిమితి పెట్టింది.

అపోహ: ఇదంతా డబ్బున్న నగరాల ముచ్చట

కొలంబియా రాజధాని బొగోటాలో ఆదివారాలు ముఖ్యమైన రోడ్లు కార్లకు మూసి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదలడం 1974లో మొదలైంది. ఇప్పుడది 120 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. దానికి కావాల్సింది అడ్డుగా పెట్టే బారికేడ్లు, మనుషులు. డచ్ నగరం గ్రోనింగెన్ 1977లో నడిబొడ్డును నాలుగు భాగాలు చేసింది. కారులో ఒక భాగం నుంచి ఇంకో దానికి నేరుగా వెళ్లడం కుదరదు, బయటి రింగ్ రోడ్డు ఎక్కి తిరిగి రావాలి. నడిచేవాళ్లకు, సైకిళ్లకు ఆ అడ్డు లేదు. ఎక్కువ భాగం వన్‌వే బోర్డులు మార్చడంతోనే పని అయిపోయింది. ఒక్క ఫ్లైఓవర్ ఖర్చుతో పోలిస్తే అది ఖర్చే కాదు. వ్యాపారులు అప్పట్లో గట్టిగా వ్యతిరేకించారు. ఆ నాలుగు భాగాల పద్ధతి అక్కడ ఇప్పటికీ అమల్లో ఉంది.