నలుగురూ వెళ్లిపోయాక ఆ పేరు ఎవరిది? ఫోర్ టాప్స్ వెనుక ఏడు దశాబ్దాల కథ

2024 జూలై 22న అబ్దుల్ 'డ్యూక్' ఫకీర్ డెట్రాయిట్‌లో కన్నుమూశారు. ఆయన వయసు 88. 'ఫోర్ టాప్స్' అనే అమెరికన్ గాత్ర బృందాన్ని మొదలుపెట్టిన నలుగురిలో చివరగా మిగిలింది ఆయనే. ఆయన వెళ్లిపోయినా బృందం ఆగలేదు. పోస్టర్ల మీద అదే పేరు, వేదిక మీద అవే పాటలు. పాడే నలుగురిలో మాత్రం తొలి నలుగురిలో ఒక్కరూ లేరు.

మరి టికెట్ కొన్నవాళ్లు ఎవరిని వింటున్నట్టు? అమెరికా నల్లజాతి గాయకుల 'సోల్' సంగీతాన్ని ప్రాణంగా చూసుకునే అభిమానుల్లో ఇది చాలా ఏళ్లుగా నలుగుతున్న గొడవ. అసలు గాయకులు లేకుండా ఆ పేరుతో పాడటం మోసమని కొందరంటారు. పాట బతకాలంటే పేరూ బతకాలని మరికొందరంటారు. ఏదో ఒకటి తేల్చేసే ముందు ఈ పేర్ల గొడవ ఎక్కడ మొదలైందో, అందులో ఫోర్ టాప్స్ ఎందుకు వేరుగా నిలబడిందో తెలుసుకోవాలి.

గొడవ మూలాలు 1950ల్లోనే ఉన్నాయి. అప్పట్లో నల్లజాతి కుర్రాళ్ల గాత్ర బృందాలు వీధికొకటి పుట్టేవి. పాడేది వాళ్లే అయినా పేరు మీద హక్కు చాలాసార్లు మేనేజర్‌దో, రికార్డు కంపెనీదో అయ్యేది. డ్రిఫ్టర్స్ సంగతే తీసుకోండి. పేరు మేనేజర్ జార్జ్ ట్రెడ్‌వెల్ చేతిలో ఉండేది, గాయకులు వారం జీతానికి పాడేవాళ్లు. 1958లో ఆయన మొత్తం బృందాన్ని ఒక్కసారిగా తీసేశారు. అపోలో థియేటర్‌కు ఒప్పుకున్న కార్యక్రమాలు ఇంకా మిగిలే ఉన్నాయి కాబట్టి 'ఫైవ్ క్రౌన్స్' అనే వేరే బృందాన్ని పిలిచి, ఈరోజు నుంచి మీరే డ్రిఫ్టర్స్ అన్నారు. అలా వచ్చినవాళ్లలోనే బెన్ ఇ. కింగ్ ఉన్నారు. ఆ కొత్త డ్రిఫ్టర్స్ గొప్ప పాటలు పాడారు, ఆ మాట కాదనలేం. కానీ జీతం దగ్గర తేడా వచ్చి రెండేళ్లకే కింగ్ కూడా బయటికి నడిచారు. పాడే మనిషి ఎవరైతేనేం, బోర్డు మీద పేరుంటే చాలన్న ఆలోచన అక్కడ బలపడింది.

ఆ తర్వాత 'ప్లాటర్స్' అనే మరో గాత్ర బృందం పేరుతో ఊరికో బృందం తిరిగింది. తొలి సభ్యుల్లో చివరివాడైన హెర్బ్ రీడ్ 2012లో చనిపోయేదాకా ఆ పేరు కోసం కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. సుప్రీమ్స్ గాయని మేరీ విల్సన్ కూడా తన బృందం పేరు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. తర్వాత 'ట్రూత్ ఇన్ మ్యూజిక్' చట్టాల కోసం రాష్ట్రాల శాసనసభల ముందు మాట్లాడినవాళ్లలో ఆమె ముందున్నారు. 2000ల మధ్య నుంచి అమెరికాలో 30కి పైగా రాష్ట్రాలు ఈ చట్టం చేశాయి. అందులో ఉన్నది సూటిగా చెప్పాలంటే ఇదీ: ఒక బృందం పేరుతో పాడాలంటే దాని రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ మీ దగ్గర ఉండాలి, లేదా ఆ రికార్డుల్లో పాడినవాళ్లలో కనీసం ఒకరు మీతో ఉండి పేరు వాడుకునే హక్కు వాళ్లకు ఉండాలి, అదీ లేకపోతే ఇది నివాళి కార్యక్రమమని ప్రకటనలోనే చెప్పాలి.

చట్టం అక్కడితో ఆగుతుంది. ట్రేడ్‌మార్క్ ఉన్నంత మాత్రాన ఆ పేరుకు వారసులైపోతారా అన్నది చట్టం తేల్చేది కాదు. ఆ సంగతి ఆలోచించాలంటే ఫోర్ టాప్స్ దగ్గరికే వెళ్లాలి.

వాళ్లు డెట్రాయిట్ ఉత్తర భాగపు కుర్రాళ్లు. లీవై స్టబ్స్, డ్యూక్ ఫకీర్ పెర్షింగ్ హైస్కూల్లో, ఓబీ బెన్సన్, లారెన్స్ పేటన్ నార్తర్న్ హైస్కూల్లో చదివారు. 1953-54 రోజుల్లో తెలిసినవాళ్ల పార్టీలో పాడమంటే నలుగురూ కలిశారు. లీవై ఎత్తుకున్నారు, మిగతా ముగ్గురూ ఎలాంటి సాధనా లేకుండానే వంతలోకి వచ్చేశారు, గొంతులు అతికినట్టు కుదిరాయి. మర్నాటి నుంచి ప్రాక్టీసు మొదలైంది. మొదట పెట్టుకున్న పేరు 'ఫోర్ ఎయిమ్స్'. అప్పటికే పేరున్న ఎయిమ్స్ బ్రదర్స్‌తో జనం పొరబడతారని 1956లో ఫోర్ టాప్స్‌గా మార్చుకున్నారు.

డ్యూక్ పేరు చూసి మనవాడేమో అనిపించడం సహజం. వాళ్ల నాన్న ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి, బ్రిటిష్ పాలన రోజుల్లో వలస వెళ్లిన మనిషి. ఫ్యాక్టరీలో పని చేసేవారు, సితార్ వాయించేవారు. అమ్మ నల్లజాతి క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చారు, చర్చిలో పాడేవారు. ట్రాయ్, నోవై లాంటి డెట్రాయిట్ శివారు ఊళ్లలో ఇవాళ తెలుగు కుటుంబాలు ఎన్నో కార్ల పరిశ్రమ ఉద్యోగాలతో స్థిరపడ్డాయి. ఉపఖండం నుంచి ఆ ఊరికి, ఆ ఫ్యాక్టరీలకు వలస ఎంత ముందే మొదలైందో డ్యూక్ ఇంటి కథలో కనిపిస్తుంది.

ఆ తర్వాత దాదాపు పదేళ్లు గెలుపు ముఖం చూడలేదు. చెస్, రివర్‌సైడ్, కొలంబియా అంటూ కంపెనీలు మారినా ఒక్క రికార్డూ ఆడలేదు. నైట్‌క్లబ్బుల్లో జాజ్ పాటలు పాడుతూ పొట్ట పోసుకున్నారు. మామూలుగా బృందాలు విడిపోయేది ఇలాంటి రోజుల్లోనే. వీళ్లు విడిపోలేదు. తర్వాత జరిగినదంతా ఆ పదేళ్ల ఓపిక మీద నిలబడిందని నేను నమ్ముతాను.

బెర్రీ గార్డీ మోటౌన్ కంపెనీ పెట్టిన కొత్తలో రమ్మంటే వీళ్లు ముందు వెళ్లలేదు. 1963లో చేరారు. మొదట జాజ్ ఆల్బమ్ ఒకటి చేయించి పక్కన పెట్టేశారు. అది బయటికొచ్చింది 1999లో. అదృష్టం తిరిగింది పాటల రచయితలు హాలండ్, డోజియర్, హాలండ్ చేతిలో. క్లబ్బులో రాత్రి కార్యక్రమం అయ్యాక, అర్ధరాత్రి దాటిన వేళ స్టూడియోకు వెళ్లి పాడిన 'బేబీ ఐ నీడ్ యువర్ లవింగ్' 1964లో అమెరికా చార్టులో 11వ స్థానం దాకా వెళ్లింది. 1965 జూన్‌లో 'ఐ కాంట్ హెల్ప్ మైసెల్ఫ్' మొదటి స్థానానికి చేరింది.

ఇది చూసి పాత కంపెనీ కొలంబియా, 1960లో ఎవరూ పట్టించుకోని టాప్స్ పాటను మళ్లీ మార్కెట్లోకి వదిలింది. దాన్ని అడ్డుకోవాలంటే మోటౌన్‌కు వెంటనే కొత్త పాట కావాలి. ఒక్క రోజులో రాసి, పాడించి, రికార్డులు తయారుచేసి పంపేశారు. బాణీ ముందటి హిట్‌కు దగ్గర చుట్టమే. దాచిపెట్టే ప్రయత్నం కూడా చేయలేదు, పాట పేరే 'ఇట్స్ ద సేమ్ ఓల్డ్ సాంగ్' అని పెట్టారు. ఆ హడావుడి పాట 5వ స్థానానికి వెళ్లింది!

ఇక లీవై గొంతు గురించి. ఆయనది బారిటోన్, అంటే నిండైన మగ గొంతు. రచయితలు కావాలనే ఆయన గొంతుకు సులువైన శ్రుతి కంటే పైశ్రుతిలో పాటలు కట్టేవారు. అందుకోవడానికి ఆయన గొంతు చించుకోవాలి. ఆ తెగింపే వాళ్లకు కావాల్సింది. 1966లో 'రీచ్ ఔట్ ఐల్ బీ దేర్' అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో నిలిచింది. అందులో లీవై సగం పాడతారు, సగం కేక వేస్తారు. బాబ్ డిలాన్ పాడే తీరును మనసులో పెట్టుకుని అలా రాశామని రచయితలే తర్వాత చెప్పారు.

నాకు మాత్రం 1967 నాటి 'బెర్నడెట్' ఇంకా గొప్పది. జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్ కింద ఊపిరాడనివ్వకుండా పరుగెడుతుంటుంది. పాట చివర్లో ఒక్కసారిగా వాయిద్యాలన్నీ ఆగిపోతాయి. అయిపోయిందనుకుంటాం. ఆ నిశ్శబ్దంలోంచి లీవై ఒక్కరే ఆ అమ్మాయి పేరు పెట్టి అరుస్తారు. ఆ వెంటనే మొత్తం బృందం ఆ కేక వెనకే వచ్చి పడుతుంది. ఎన్నిసార్లు విన్నా అక్కడ గుండె జారుతుంది. ముందు ఒక్కరు, ఆయన వెనక ముగ్గురు: ఆ బృందం మొత్తం ఆ రెండు క్షణాల్లోనే ఉంది.

అంతటి గొంతున్న మనిషి ఎప్పుడూ ఒంటరిగా వెళ్లిపోలేదు. సరిగ్గా ఆ 1967 ప్రాంతంలోనే మోటౌన్ తన బృందాల పేర్లు మారుస్తోంది. సుప్రీమ్స్ కాస్తా 'డయానా రాస్ అండ్ ద సుప్రీమ్స్' అయింది, మిరకిల్స్ ముందు స్మోకీ రాబిన్సన్ పేరు వచ్చి చేరింది. ఫోర్ టాప్స్ మాత్రం ఫోర్ టాప్స్‌గానే మిగిలింది. ముందు నిలబడి పాడేది లీవై అయినా తన పేరు ముందుకు రావాలని ఆయన కోరుకోలేదు. అదే కంపెనీలోని టెంప్టేషన్స్‌లో 1968లో ప్రధాన గాయకుడు డేవిడ్ రఫిన్‌ను తీసేశారు. ఆ తర్వాత ఆయన తన పాత బృందం కచేరీలకు వచ్చి వేదికెక్కి మైకు లాక్కున్న సందర్భాలున్నాయి. ఆ బృందంలోకి వచ్చినవాళ్లు, పోయినవాళ్లు ఇరవై మందికి పైనే. తొలి సభ్యుల్లో మిగిలిన ఓటిస్ విలియమ్స్ ఒక్కరే దాన్ని మోసుకొచ్చారు.

టాప్స్ నలుగురి మధ్య అభిప్రాయభేదాలే లేవని కాదు. 1969లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పోలీసులు యువతను కొట్టడం చూసి కలత చెందిన ఓబీ బెన్సన్ ఒక పాట మొదలుపెట్టారు. మిగతా ముగ్గురూ ఇది నిరసన పాట, మనకొద్దన్నారు. ఓబీ దాన్ని మోటౌన్ గాయకుడు మార్విన్ గే దగ్గరికి తీసుకెళ్లారు. 1971లో 'వాట్స్ గోయింగ్ ఆన్'గా వచ్చి చరిత్రలో నిలిచిపోయింది ఆ పాటే. చేతికొచ్చిన అంత పాటను వదులుకున్నారు. అయినా ఓబీ బృందాన్ని వదల్లేదు.

తర్వాతి ఎత్తుపల్లాలు చాలానే ఉన్నాయి. రాయల్టీ గొడవలతో హాలండ్, డోజియర్, హాలండ్ మోటౌన్ వదిలేశారు. 1972లో కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోతే టాప్స్ వేరే కంపెనీకి మారారు. 1973లో ఒక పెద్ద హిట్, 1981లో మరొకటి. 1983లో మోటౌన్ 25 ఏళ్ల వేడుకలో టెంప్టేషన్స్‌తో పోటాపోటీగా పాడారు. 1988 డిసెంబర్‌లో లండన్‌లో రికార్డింగ్ ఆలస్యమై, స్కాట్లాండ్‌లోని లాకర్‌బీ మీద పేలిపోయిన విమానాన్ని అందుకోలేకపోయారు. ఆ ఘోరంలో 270 మంది పోయారు. ఈ నలుగురూ కలిసే ఇల్లు చేరారు.

1997 జూన్‌లో లారెన్స్ పేటన్ క్యాన్సర్‌తో పోయేదాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, ఆ నలుగురే. ఒక్క మార్పు లేదు. పేటన్ పోయాక మిగిలిన ముగ్గురూ కొంతకాలం నాలుగో మనిషిని తీసుకోలేదు. పేరులోంచి 'ఫోర్' తీసేసి 'ద టాప్స్'గా పాడారు. ఈ మొత్తం కథలో నా మనసుకు బాగా పట్టింది ఇదే. డ్రిఫ్టర్స్ మేనేజర్ ట్రెడ్‌వెల్ రాత్రికి రాత్రి వేరేవాళ్లను తెచ్చి పేరు అతికించారు. వీళ్లేమో ఒక మనిషి లేడని పేరులోని అంకెనే తీసేశారు.

1998లో థియో పీపుల్స్ చేరాక మళ్లీ నలుగురయ్యారు. 2000లో లీవైకి పక్షవాతం వచ్చింది. 2004లో డెట్రాయిట్ ఒపెరా హౌస్‌లో 50 ఏళ్ల వేడుక జరిగినప్పుడు ఆయన చక్రాల కుర్చీలో వేదిక మీదికి వచ్చారు. ఒకప్పుడు పైశ్రుతిని బద్దలు కొట్టిన గొంతు సన్నబడింది. జనం లేచి నిలబడ్డారు. 2005లో ఓబీ, 2008లో లీవై వెళ్లిపోయారు.

అప్పుడు డ్యూక్ ముందు రెండు దారులున్నాయి. పేరును తన వాళ్లతో పాటే పాతిపెట్టడం, లేదా చేతులు మార్చడం. ఆయన రెండోది ఎంచుకున్నారు. ఓబీ పోయాక లారెన్స్ పేటన్ కొడుకు రోక్వెల్ బృందంలోకి వచ్చారు. అప్పటికే రానీ మెక్‌నియర్ ఉన్నారు. డ్యూక్ దాదాపు ఇరవై ఏళ్లు కొత్తవాళ్ల పక్కన నిలబడి పాడారు. చివరికి 2024లో, కన్నుమూసే ముందు, వేదిక దిగారు.

అందుకే డ్రిఫ్టర్స్, ప్లాటర్స్ పేర్లతో జరిగిన వ్యాపారాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం అంటాను. అక్కడ పేరు పాడినవాళ్ల చేతుల్లోంచి లాక్కున్నది. ఇక్కడ పాడిన మనిషే తన కళ్లెదుట, తన పక్కన నిలబెట్టుకుని అప్పగించింది. టికెట్ మీద మాత్రం ఇది తొలి నలుగురి బృందం కాదని స్పష్టంగా రాయాల్సిందే, కొనేవాళ్లకు ఆ మాత్రం నిజం దక్కాలి.

నలుగురి గొంతులకు వంతలు కూర్చి, ఎవరే స్వరం పట్టాలో చెప్పింది లారెన్స్ పేటన్. ఈ రోజు ఆ పేరుతో వేదికెక్కినప్పుడు ఆయన కొడుకు పట్టేది నాన్న కూర్చిన స్వరాన్నే.