మిన్నెసోటా చలి, మన ఇంటి కప్పు: అపోహలు - వాస్తవాలు

మినియాపోలిస్ చుట్టుపక్కల ఇళ్ల అటకలు ఎక్కి చూడడం నా పని. ఇన్సులేషన్ ఎంతుంది, ఇంట్లో గాలి ఎక్కడి నుంచి పైకి పోతోంది, వెంట్లు (అటకకు గాలి ఆడే కన్నాలు) పనిచేస్తున్నాయా, ఇవే రోజూ చూసేది. ఇక్కడ ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామంది డాబా ఇళ్లలో పెరిగినవాళ్లు. డాబా వాన పడ్డప్పుడే కురుస్తుంది. పగులు ఎక్కడుందో వెతికి పూడిస్తే ఆగుతుంది. ఇక్కడి ఏటవాలు కప్పుకూ అదే లెక్క వేస్తే డబ్బు పోతుంది, నీళ్లు మాత్రం ఆగవు. "అన్నా, వాన చుక్క లేదు, బయట గడ్డకట్టే చలి, బెడ్‌రూమ్ సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి" అని జనవరి, ఫిబ్రవరిల్లో ఫోన్లు వస్తుంటాయి. వెళ్లి చూస్తే చాలాసార్లు కప్పు పైన ఏ చిల్లూ ఉండదు. తప్పంతా అటకలో దొరుకుతుంది.

అపోహ: చూరుకు ఐసు వేలాడుతోందంటే చలి ఎక్కువగా ఉందని అర్థం, అంతే.

చలి ఒక్కటే ఉంటే కప్పు మీది మంచు మంచులాగే పడి ఉంటుంది. కరిగిందంటే దానికి కింది నుంచి వేడి తగిలినట్టే. ఇంట్లో వేడి అటకలోకి చేరి కప్పు చెక్కను వెచ్చబరుస్తుంది. మంచు అడుగు పొర కరిగి నీరై షింగిల్స్ (కప్పు మీద పరిచే పలకలు) మీదుగా కిందికి జారుతుంది. చూరు దగ్గరికి వచ్చేసరికి కింద ఇల్లు లేదు, చల్లటి గాలే ఉంది. అక్కడ నీరు మళ్లీ గడ్డకడుతుంది. రోజురోజుకూ ఆ గడ్డ పెరిగి కట్టలా అడ్డం పడుతుంది. ఇదే ఐస్ డ్యామ్. వెనక నిలిచిన నీరు పోవడానికి దారిలేక షింగిల్స్ కిందికి ఎగదన్నుతుంది. షింగిల్స్ పైనుంచి జారే నీటిని ఆపడానికి చేసినవి, ఎదురెక్కే నీటిని ఆపలేవు.

ఎండ తగిలే దక్షిణం వైపు చిన్న చిన్న కడ్డీలు వేలాడితే టెన్షన్ పడక్కర్లేదు. ఉత్తరం వైపు, ఎండ లేని రోజుల్లో, మోచేతి మందాన కడుతుంటే మాత్రం అటక చూపించుకోవాలి. మంచు పడ్డ మర్నాడు ఉదయం వీధికి అవతల నిలబడి మీ కప్పునూ పక్కింటి కప్పునూ చూడండి. పక్కింటిది పూర్తిగా తెల్లగా ఉండి, మీది మధ్యలో మచ్చలు మచ్చలుగా కరిగి ఉంటే, వేడి ఎక్కడ పోతోందో ఆ మచ్చలే చూపిస్తాయి.

అపోహ: గట్టర్ల వల్లే ఐస్ డ్యామ్ కడుతుంది.

గట్టర్లు లేని ఇళ్లకూ కడుతుంది. ఆకులు రాలడం పూర్తయ్యాక, అంటే దాదాపు దీపావళి రోజుల్లో, ఒకసారి శుభ్రం చేయించండి. నీరు పునాదికి దూరంగా పోవడానికి అది అవసరం. ఐస్ డ్యామ్‌కు మందు మాత్రం అది కాదు.

అపోహ: అటకలో ఇన్సులేషన్ ఇంకో పొర వేయిస్తే చాలు.

నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. ఇక్కడి కొత్త ఇళ్లకు అటకలో ఆర్-49 కావాలి (ఆర్ అంటే ఇన్సులేషన్ వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత). కాగితం పీచుతో చేసే సెల్యులోజ్ అయితే సుమారు 14 అంగుళాల మందం. ఊదే ఫైబర్‌గ్లాస్ అయితే 18 నుంచి 20 దాకా. పాత ఇళ్లలో నాలుగైదు అంగుళాలే కనిపించడం మామూలే కాబట్టి వేయించాల్సిందే, కాదనను. కానీ ముందు గాలి దారులు మూయాలి. వెచ్చటి గాలి పైకి లేస్తుంది. కింద బేస్‌మెంట్ నుంచి చల్లగాలిని లాక్కుంటూ, సీలింగ్‌లో దొరికిన ప్రతి సందులోంచీ అటకలోకి ఎగబాకుతుంది. ఊదిన ఇన్సులేషన్ ఆ గాలిని ఆపదు, వడకడుతుంది. పాత ఫైబర్‌గ్లాస్ ఎత్తి చూస్తే అక్కడక్కడా నల్లగా మురికి పట్టి ఉంటుంది. చాలామంది బూజు అనుకుంటారు. ఏళ్ల తరబడి గాలి ఆ పీచులోంచి పోతూ వదిలిన దుమ్మే ఎక్కువసార్లు అది. మాకు అంతకంటే మంచి గుర్తు దొరకదు, సరిగ్గా దాని కిందే సందు ఉంటుంది.

ఆ సందులు ఎక్కడుంటాయంటే: సీలింగ్‌లో దించిన లైట్ల చుట్టూ, ప్లంబింగ్ గొట్టం పైకి వెళ్లే చోట, లోపలి గోడల పైఅంచుల్లో, బాత్‌రూమ్ ఫ్యాన్ డబ్బా పక్కన, అటకలోకి ఎక్కే మూత దగ్గర. ఆ మూతకు రబ్బరు పట్టీ గానీ ఇన్సులేషన్ గానీ లేని ఇళ్లు బోలెడు. చిమ్నీ చుట్టూ ఖాళీ పెద్దగా ఉంటుంది, దాన్ని మామూలు ఫోమ్‌తో నింపకూడదు. రేకు కొట్టి, మంటకు తట్టుకునే కాల్క్ (సందులు పూడ్చే ముద్ద) పెట్టాలి. ఇవన్నీ ఇన్సులేషన్ కింద కూరుకుపోయాక మళ్లీ తవ్వి మూయడం రెట్టింపు పని. అందుకే ముందు సందులు, తర్వాత పీచు.

1990కి ముందు కట్టిన ఇల్లయితే ఒక హెచ్చరిక. అటకలో బూడిద, బంగారు రంగుల్లో గులకరాళ్లలా తేలికైన పలుకులు కనిపిస్తే ముట్టుకోకండి, చీపురు అసలే వేయకండి. అది వర్మిక్యులైట్ కావచ్చు. అమెరికాలో అది చాలావరకు మోంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చింది, అందులో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ కలిసి ఉండేది. ఆ గని 1990లో మూతపడింది. ఆ ఖనిజాన్ని ఈశాన్య మినియాపోలిస్‌లోని ఒక ప్లాంట్‌లో కూడా 1989 దాకా ప్రాసెస్ చేశారు. కాబట్టి ఇది ఎక్కడో దూరపు ఊరి సంగతి అనుకోవద్దు.

అపోహ: చలికాలం వెంట్లు మూసేస్తే ఇల్లు వెచ్చగా ఉంటుంది.

వెచ్చగా ఉండాల్సింది సీలింగ్ కింది వరకే. అటక బయటిలాగే చల్లగా, పొడిగా ఉండాలి. చూరు కింది సాఫిట్ వెంట్ల నుంచి గాలి వచ్చి పైన రిడ్జ్ (కప్పు కొన) దగ్గర బయటికి పోతుంటే కప్పు చల్లగా ఉంటుంది, తేమ నిలవదు. అటక నేల ప్రతి 150 చదరపు అడుగులకు ఒక చదరపు అడుగు వెంటు ఖాళీ అన్నది కోడ్‌లోని మూల లెక్క. కొన్ని షరతులు కుదిరితే 300కి ఒకటి చాలు. ఇన్సులేషన్ ఊదేవాళ్లు తొందరలో చూరు మూలల్ని నింపేస్తే సాఫిట్ వెంట్లు ఉన్నా లేనట్టే. వాసాల మధ్య గాలి పోవడానికి బాఫిల్స్ (ఇన్సులేషన్ అడ్డుపడకుండా దారి ఉంచే పలకలు) పెట్టారో లేదో అడగండి.

తేమ విషయంలో మన ఇళ్లు కాస్త ప్రత్యేకం. కుక్కరు, పప్పు, చారు, వారాంతంలో పదిమందికి వంట, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు చర్మం పొడిబారుతోందని రాత్రంతా హ్యుమిడిఫైయర్. స్టవ్ మీది హుడ్ చాలా ఇళ్లలో గాలిని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుంది. ఆ ఆవిరి అటకకు చేరితే, చల్లటి కూజా బయట చెమ్మ పట్టినట్టు కప్పు చెక్కకూ మేకుల మొనలకూ పట్టి గడ్డకడుతుంది. రెండు వారాలు గట్టి చలి చేసి, ఒక్కసారిగా వాతావరణం తేలికపడిన రోజున అదంతా కరిగి ఇన్సులేషన్ మీద కురుస్తుంది. ఐస్ డ్యామ్ అని కంగారు పడతారు. అది వేరే జబ్బు, మందూ వేరే. బాత్‌రూమ్ ఫ్యాన్ గొట్టం అటకలోనే ఆగిపోయిందేమో చూడాలి. దాన్ని ఇన్సులేషన్ చుట్టి కప్పు దాటించి బయటికి తీయాలి. బయట సున్నా ఫారెన్‌హీట్ కంటే దిగితే ఇంట్లో తేమ 25 శాతం దాటకుండా చూసుకోండి. కిటికీ అద్దాలకు పొద్దున్నే నీరు కారుతుంటే హ్యుమిడిఫైయర్ తగ్గించండి.

అపోహ: హెయిల్ క్లెయిమ్‌లో (వడగళ్ల నష్టానికి ఇన్సూరెన్స్ డబ్బుతో) కొత్త కప్పు వచ్చింది, ఇక దిగుల్లేదు.

వడగళ్లు పడ్డ వేసవిలో కాంట్రాక్టర్లు ఇంటింటికీ తిరిగి చెప్పే మాటల్లో ఇదొకటి. షింగిల్స్ కొత్తవైనా పాతవైనా మంచును కరిగించేది కింది నుంచి వచ్చే వేడే. కొత్త కప్పుతో వచ్చే అసలు లాభం చూరు వెంట షింగిల్స్ కింద అంటించే జిగురు పొర, ఐస్ అండ్ వాటర్ షీల్డ్. అది బయటి గోడ వరుస దాటి లోపలికి కనీసం 24 అంగుళాలు రావాలి. ఈ రోల్ వెడల్పు సాధారణంగా మూడడుగులు. చూరు రెండడుగులు బయటికి ఉన్న ఇంటికి ఒక్క వరుస వేస్తే గోడ దాటి ఒక అడుగు కూడా లోపలికి రాదు. రెండు వరుసలు కావాలి. పాత షింగిల్స్ పీకిన రోజు ఫోటో తీసుకోండి, మూసేశాక ఎవరూ చూపించలేరు. ఆ పొర కూడా నీటిని చెక్కలోకి దిగకుండా ఆపుతుంది తప్ప ఐసు కట్టకుండా ఆపదు.

ఇంకో మాట, షింగిల్స్‌లోని జిగురు పట్టీ కరిగి అతుక్కోవాలంటే వెచ్చదనం కావాలి. సుమారు 40 ఫారెన్‌హీట్ కంటే తక్కువలో వేస్తే చేత్తో సీల్ చేయాల్సి వస్తుంది. నవంబరు చివర్లో హడావిడిగా కప్పు వేయించడం కంటే, కారే చోట తాత్కాలికంగా సరిచేసి వసంతం దాకా ఆగడం మేలు.

అపోహ: చూరుకు హీట్ కేబుల్ (కరెంటుతో వేడెక్కే తీగ) వేస్తే ఐస్ డ్యామ్ పోతుంది.

కేబుల్ ఐసులో నీటికి ఒక కాలువ చేస్తుంది, కరెంటు బిల్లు పెంచుతుంది. కప్పు ఆకారం వల్ల ఇంకేం చేయలేని మూలలకు నేనూ సిఫారసు చేస్తాను. మొత్తం ఇంటికి వేయించాలనుకుంటే ఆ డబ్బు అటకలో పెట్టండి.

అపోహ: మంచు పడగానే ఎక్కి తోడేయకపోతే కప్పు కూలిపోతుంది.

ఒక అడుగు తాజా మంచు చదరపు అడుగుకు అయిదు పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇక్కడి బిల్డింగ్ కోడ్ నేల మీది మంచు బరువును దక్షిణ కౌంటీల్లో 50, ఉత్తరాన 60 పౌండ్లుగా తీసుకుంటూ వచ్చింది, కప్పుకు అందులో 70 శాతం. అంటే సరిగ్గా కట్టిన కప్పు చాలా మోస్తుంది. వాన పడి బరువెక్కిన పాత మంచు, గాలికి ఒకే మూల పోగుపడ్డ మంచు వేరే సంగతి. అప్పుడు కూడా మీరు ఎక్కకండి. నేల మీద నిలబడి రూఫ్ రేక్‌తో చూరు నుంచి మూడు నాలుగు అడుగుల మేర లాగితే ఐస్ డ్యామ్‌కు కావాల్సిన నీరే దొరకదు. కరెంటు తీగలు దగ్గరుంటే ఆ పొడవాటి అల్యూమినియం కర్ర అటు తిప్పొద్దు. సుత్తితో కొట్టడం, ఉప్పు చల్లడం రెండూ వద్దు. ఒకటి షింగిల్స్‌ను పగలగొడుతుంది, రెండోది గట్టర్లనూ మొక్కలనూ తింటుంది. అప్పటికే నీరు లోపలికి వస్తుంటే ఆవిరితో ఐసు కరిగించేవాళ్లను పిలవండి.

టౌన్‌హోమ్‌లో ఉంటే కప్పు అసోసియేషన్ చూసుకుంటుంది కదా అనుకుంటారు. అటక ఎవరి బాధ్యతో మీ పత్రాల్లో చదవండి, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. సెప్టెంబరులోనే కొటేషన్లు తీసుకుంటే మంచి పనివాళ్లు దొరుకుతారు. ఆ కాగితంలో ఎయిర్ సీలింగ్ (గాలి సందులు మూసే పని) వేరే లైనుగా, ఏయే చోట్ల మూస్తారో రాసి ఉండాలి. పనికి ముందూ తర్వాతా బ్లోయర్ డోర్ టెస్ట్ (తలుపుకు ఫ్యాన్ బిగించి ఇంట్లోంచి ఎంత గాలి లీకవుతోందో కొలిచే పరీక్ష) చేసి రెండు అంకెలూ ఇస్తారా అని అడగండి. "పీచు వేస్తే అదే ఆగిపోతుంది సార్" అన్నవాళ్లను పక్కనపెట్టి, రెండో కాంట్రాక్టర్‌కు ఫోన్ చేయండి.