లాన్ బౌల్స్ కోసం ఉద్యోగం మానేయాలా? అపోహలు - వాస్తవాలు

2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో లాన్ బౌల్స్‌లో భారత మహిళల ఫోర్స్ (నలుగురు సభ్యుల) జట్టు ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచిన నాటి నుంచి, శిక్షకుడిగా నన్ను అడిగే ప్రశ్నల తీరు మారిపోయింది. అంతకు ముందు "అసలు ఇదేం ఆట?" అనేవారు (బౌల్ అనే పెద్ద బంతిని పచ్చికపై దొర్లించి, జాక్ అనే చిన్న బంతికి వీలైనంత దగ్గరగా ఆపే ఆట ఇది), ఇప్పుడు "ఉద్యోగం మానేసి వస్తే ఎన్నాళ్ళలో జట్టులోకి తీసుకుంటారు?" అంటున్నారు. పాత ప్రశ్నే నయమనిపిస్తుంది.

అపోహ: పోటీ తక్కువ కనుక అన్నీ వదులుకుని దిగితే రెండేళ్ళలో అంతర్జాతీయ క్రీడాకారులం కావచ్చు, ఆ తరువాత ఆటే మనల్ని పోషిస్తుంది.

వాస్తవం: ఆ స్వర్ణం గెలిచిన నలుగురూ ఉద్యోగాలు చేసుకుంటూ ఆడినవారే. అప్పట్లో లవ్లీ చౌబే, నయన్‌మోని సైకియా ప్రభుత్వ ఉద్యోగులు. పింకీ వ్యాయామ ఉపాధ్యాయురాలు. రూపారాణి తిర్కీ జిల్లా క్రీడాధికారిణి. పింకీ, రూపారాణి 2010 ఢిల్లీ క్రీడల్లోనే ఆడారంటే, పతకం చేతికందడానికి పన్నెండేళ్ళు పట్టిందన్నమాట. ఈ ఆటకు ఒలింపిక్స్‌లో ఎన్నడూ చోటు దక్కలేదు, కామన్వెల్త్ క్రీడలేమో నాలుగేళ్ళకోసారి వస్తాయి. బర్మింగ్‌హామ్‌కు భారత్ నుంచి వెళ్ళింది ఐదుగురు పురుషులు, ఐదుగురు మహిళలు మాత్రమే. ఆ ఐదు స్థానాలను నమ్ముకుని నెల జీతం వదులుకోమని చెప్పేవారి మాట దయచేసి వినకండి.

నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు అలాగే రాజీనామా చేసి రోజంతా గ్రీన్ (ఆడే పచ్చిక మైదానం) మీదే గడిపాడు. చేయి చక్కగా తిరిగేది. కానీ ఇంటి అద్దె దగ్గరపడిన వారంలో అతని ప్రతి బౌల్ జాక్‌ను దాటి రెండడుగులు ముందుకు పోయేది. బౌల్‌ను జాక్ పక్కన ఆపే డ్రా షాట్‌కు కావలసిన నెమ్మది అప్పులున్న మనసుకు రాదు, అందులో అతని తప్పేమీ లేదు. మళ్ళీ ఉద్యోగంలో చేరి, సెలవు రోజుల్లో మాత్రమే సాధన చేయడం మొదలుపెట్టాకే అతను నమ్మదగిన లీడ్ (జట్టులో తొలి బౌల్స్ వేసేవాడు) అయ్యాడు.

అపోహ: ముప్పై దాటాక మొదలుపెడితే లాభం లేదు.

వాస్తవం: గాయాలతో మరో ఆటకు దూరమై, వయసు మించిపోయిందని దిగులుతో వచ్చేవారికి నేను ముందుగా చెప్పే పేరు డేవిడ్ బ్రయంట్. ఆ ఇంగ్లండ్ క్రీడాకారుడు కామన్వెల్త్ సింగిల్స్ స్వర్ణం మొదటిసారి 1962లో గెలిస్తే, ప్రపంచ సింగిల్స్ టైటిల్‌ను 1988లో కూడా గెలిచాడు. నయన్‌మోని కాలి గాయం వల్ల వెయిట్‌లిఫ్టింగ్ వదిలి ఇటు వచ్చినవారే. ఇంత నిడివి ఉన్న ఆటలో తొందరెందుకో నాకు అర్థం కాదు.

అపోహ: బౌల్ లోపల ఒక పక్క సీసం ఉంటుంది, ఖరీదైన దానిలో ఎక్కువ ఉంటుంది.

వాస్తవం: ఉండదు. నేటి బౌల్ దొర్లే దారిలో వచ్చే వంపు (బయాస్) దాని ఆకృతి వల్లే వస్తుంది. మీ చేతికి సరిపడే సైజు చూసుకుంటే చాలు.

అపోహ: సొంత గ్రీన్‌పై గెలిచేవాడు ఎక్కడైనా గెలుస్తాడు.

వాస్తవం: గ్రీన్ వేగాన్ని, బౌల్ 27 మీటర్లు దొర్లి ఆగడానికి పట్టే సెకన్లతో కొలుస్తాం. సెకన్లు పెరిగేకొద్దీ గ్రీన్ వేగవంతమైనదని అర్థం. ఎందుకంటే అక్కడ బౌల్‌ను మెల్లగా వదిలినా అంత దూరం పోతుంది. బ్రిటన్‌లోని నెమ్మదైన గ్రీన్లపై 10-12 సెకన్లు ఉంటే, న్యూజిలాండ్‌లో 15 దాటడం మామూలే. నెమ్మదిగా దొర్లే బౌల్‌పై బయాస్ ఎక్కువసేపు పనిచేస్తుంది కనుక గీతను (బౌల్‌ను వదిలే దిశను) బాగా వెడల్పుగా ఎంచుకోవాలి. దీన్ని ఒంటబట్టించుకోవాలంటే పర్యటనలు కావాలి, పర్యటనలకు డబ్బూ సెలవులూ కావాలి. ఉద్యోగం వదలవద్దని పోరేది అందుకే.

నెమ్మది గ్రీన్లకు అలవాటు పడిన నేను మొదటి విదేశీ పోటీలో వేసిన తొలి రెండు బౌల్స్ జాక్ పక్కనుంచే దూసుకుపోయి గ్రీన్ చివరి డిచ్‌లో (కాలువలో) పడ్డాయి. మా స్కిప్ (జట్టు సారథి) ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధించింది. మూడో రోజుకు నా గీతా, బౌల్‌ను వదిలే బలమూ కుదిరాయి. అప్పటికి మా జట్టు పోటీ నుంచి నిష్క్రమించింది.